పొట్ట నిండితే చాలదు, ఒంటికి పట్టాలి: గర్భిణికి, ఏడాదిలోపు బిడ్డకి తిండి

నేను పిల్లల వార్డులో నర్సుని. బిడ్డ బరువు పెరగట్లేదని వచ్చే తల్లుల్ని ముందుగా అడిగేది ఒకటే: "ముద్ద ఎంత గట్టిగా కలిపి పెడుతున్నావమ్మా?" ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు. అందులో సగం నీళ్లే అయితే పొట్ట నిండుతుంది, ఒంటికి ఏమీ పట్టదు.

అసలు లెక్క గర్భంతోనే మొదలవుతుంది. కడుపులోని బిడ్డ, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి నుంచి ఐరన్ తీసుకుని దాచుకుంటుంది. పుట్టాక సుమారు ఆరు నెలలు ఆ నిల్వతోనే నెట్టుకొస్తుంది, ఎందుకంటే తల్లిపాలలో ఐరన్ తక్కువ. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి ఆ నిల్వ ఇంకా తక్కువ, కాబట్టి ఐరన్ చుక్కల మందు సంగతి డాక్టరునే అడగాలి.

గర్భిణులు రోజూ 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రం బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే వేసుకోవాలి. మెదడుకీ వెన్నుపాముకీ పునాది పడేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే. నెల తప్పిందని చాలామందికి అప్పటికి సరిగ్గా తెలియను కూడా తెలియదు.

ఐరన్ మాత్రని టీతోనో కాఫీతోనో మింగితే సగం వృథా. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోండి. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే బాగా ఒంటపడుతుంది. పరగడుపున వికారంగా ఉంటే తిన్నాక వేసుకోండి. కాస్త తక్కువ ఒంటపట్టినా, మానేయడం కంటే నయం. మలం నల్లగా వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇద్దరి కోసం తినమని అందరూ అంటారు గానీ, మొదటి మూడు నెలల్లో మామూలు కంటే ఎక్కువ తినాల్సిన పనే లేదు. పచ్చి గుడ్డు, కాచని పాలు, కాలేయం, మద్యం వద్దు. కాఫీ తగ్గించండి.

ఇక ఆరు నెలలు నిండిన బిడ్డ సంగతి. మెడ నిలిపి, ఆసరాతో కూర్చుని, మీ చేతిలోని ముద్ద వైపు చూస్తుంటే మొదలుపెట్టొచ్చు. మెత్తగా ఉడికించి మెదిపిన ముద్దని స్పూన్‌లోకి తీసుకుని స్పూన్‌ని పక్కకి వంచండి. జారిపోకుండా అంటుకుని ఉంటే సరిపోయింది. ధారలా కారితే ఇంకా ఉడికించండి, లేదా మెదిపిన పప్పు కలపండి. పల్చగా ఉంటేనే తేలిగ్గా అరుగుతుందని నీళ్లు పోయకండి, అరుగుదలకి కావాల్సింది మెత్తదనం. చెంచాడు నూనో వెన్నో కలిపితే అంతే ముద్దలో శక్తి పెరుగుతుంది.

ముద్దలో ఏముండాలంటే ఐరన్. బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా చిదిమిన మాంసం, ముళ్లు తీసిన చేప, పప్పు, ఆకుకూర. మాంసం తినని ఇంట్లో పప్పూ ఆకుకూరా పెట్టినప్పుడు రెండు చుక్కల నిమ్మరసమో మెదిపిన టమాటానో తప్పకుండా కలపండి. మొక్కల నుంచి వచ్చే ఐరన్‌ని ఒంటపట్టించేది విటమిన్ సి. ఒట్టి అన్నం, ఒట్టి అరటిపండు మీదే నెలలు గడిపేస్తే బిడ్డ బొద్దుగానే కనిపించొచ్చు, కానీ కనురెప్ప కిందకి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది, అంటే రక్తహీనత. వార్డులో నాకు తరచూ కనిపించేది అదే.

మొదట్లో రెండు మూడు స్పూన్లు, రోజుకి రెండు మూడుసార్లు. తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగుసార్లు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు. ఏడాదిలోపు ఉప్పు, చక్కెర విడిగా వేయొద్దు. నాలుకతో బయటికి తోసేస్తే నచ్చలేదని తేల్చేయకండి, ఎనిమిది పదిసార్లు రుచి చూశాక గానీ కొన్ని అలవాటు కావు. తల తిప్పేస్తే మాత్రం ఆపేయండి. ఫోన్ చూపించి నోట్లో కుక్కడం నాకు అస్సలు గిట్టదు, ఆకలి తీరిందని బిడ్డకే తెలియకుండా పోతుంది.

ముద్ద అడ్డుపడుతుందని భయపడి ఏడాది దాకా అంతా మిక్సీలో తిప్పేవాళ్లున్నారు. ఎనిమిది తొమ్మిది నెలలకి చిన్న మెత్తటి పలుకులు ఉండాలి, లేకపోతే నమలడం అలవాటు కాదు. బిడ్డ మొహం ఎర్రబడి, దగ్గుతూ, వాంతి వచ్చేలా శబ్దం చేస్తే గొంతు తనని తాను కాపాడుకుంటోందని అర్థం, పక్కనే ఉండి చూడండి. దగ్గలేక, ఏడవలేక, శబ్దమే రాకపోతే అసలు ప్రమాదం. వెంటనే బోర్లా తిప్పి, తల కిందకి ఉండేలా ముంజేతి మీద పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి, ఎవరిచేతనైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయించాలి. ఇది ఏ నర్సునైనా అడిగి ముందే చేసి చూడండి. వేరుశనగ లాంటి గింజలు, ద్రాక్షలు గుండ్రంగా అలాగే ఇవ్వొద్దు. ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చేయాలి, గింజల్ని పొడి చేయాలి. ఏడాది నిండేదాకా తేనె నాలుకకి రాయడం కూడా వద్దు, అందులో ఉండే సూక్ష్మజీవి పసివాళ్ల పేగుల్లో విషం పుట్టిస్తుంది, కాచినా అది చావదు.