తక్కువ డబ్బులో దయ్యం సినిమా, 5వ పాఠం: మళ్ళీ చీకటి దగ్గరికే

ఈ వారం శబ్దం గురించి చెప్పాలి. తలుపు కిర్రుమనడం, కుక్క ఏడవడం, ఎవరూ లేని పడసాలలో చెంబు దొర్లడం, అన్నీ రాసి పెట్టుకున్నా. నాలుగో పాఠం చదివి మీరు తీసి పంపిన క్లిప్పులు చూశాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. మొత్తం పద్నాలుగు వచ్చాయి. ఆరు ఉత్త బొగ్గు. మాటలు వినిపిస్తున్నాయి, మనిషి లేడు. ఐదింట్లో దయ్యం పెళ్ళికూతురిలా తెల్లగా వెలిగిపోతోంది. మిగతా మూడింట్లో తెర మీద అడ్డంగా నల్ల చారలు పాకుతున్నాయి.

తప్పు సగం నాది. "రాత్రి సీనుకు ఒక్క లైటు చాలు" అని రాసి వదిలేశాను. ఆ ఒక్కటీ యాడ పెట్టాలో చెప్పలేదు.

బొగ్గు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు మోతాదు, లాక్ చేయడం రెండో పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను. ఐఎస్ఓ, అంటే ఉన్న వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 800 దాటించొద్దన్నానని, లైటే లేని దొడ్లో కూడా 800 దగ్గరే భీష్మించుకుని కూర్చున్నారు కొందరు. కెమెరాకు చీకటి చూపించాలన్నా లైటు వెయ్యాల్సిందే. ఏదో ఒక మూల రోంత వెలుతురు పడితేనే, మిగతాదంతా చీకటని కంటికి తెలుస్తుంది.

ఇక పెళ్ళికూతురు దయ్యాలు. ఇది ఎందుకు జరుగుతోందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడి నుంచే వచ్చాను. కర్నూలులో పన్నెండేళ్ళు పెళ్ళి వీడియోలు తీశా. మన వైపు కెమెరా పట్టినోళ్ళలో చాలామంది చేతులు పెళ్ళి పందిట్లోనే తిరిగాయి. అక్కడ నేర్పేది ఒకటే: లైటు కెమెరా పక్కనే ఉండాలి, తిన్నగా ముఖం మీద కొట్టాలి, పెదనాయనలూ మేనత్తలూ అందరూ తెల్లగా పడాలి. ఒక్క ముఖం నల్లగా వచ్చినా ఆల్బం తిప్పి పంపిస్తారు. ఆ చెయ్యి ఇప్పుడు దయ్యం సినిమాలోనూ అదే పని చేస్తోంది. ముఖం మొత్తం కనబడే దయ్యానికి ఎవరు భయపడతారప్పా? ముక్కుపుడకతో సహా లెక్కపెట్టొచ్చు.

లైటును మనిషి వెనక్కి మార్చండి. కెమెరా, మనిషి, లైటు, ఇదీ వరస. తల అంచూ భుజాల అంచూ గీత గీసినట్టు వెలుగుతాయి, ముఖం నల్లగా ఉండిపోతుంది. కరెంటు పోయిన రాత్రి వీధి మలుపులో బైకు తిరిగినప్పుడు, హెడ్‌లైటుకీ మనకీ మధ్య నడిచొచ్చే మనిషి ఎట్లుంటాడో గుర్తు తెచ్చుకోండి. మన ఊరోడే, అయినా దగ్గరికొచ్చేదాకా ఎవరో తెలీదు. ఆ నాలుగు అడుగులే మనకు కావాల్సిన సినిమా.

సున్నం కొట్టిన గోడ ఉన్న గది వద్దు. లైటు ఎటు పెట్టినా గోడ దాన్ని తిప్పి ముఖం మీదికే కొడుతుంది. తప్పదంటే నల్ల దుప్పటి వేలాడదీయండి.

నేలకు మాత్రం మనకున్న అదృష్టం వేరేవాళ్ళకు లేదు. మన ఇళ్ళల్లో, వాకిళ్ళల్లో నాపబండలే కదా. పొడిగా ఉన్నప్పుడు అవి వెలుతురును మింగేస్తాయి. బిందెడు నీళ్ళు చల్లి చూడండి, అద్దమైపోతాయి. వెనకున్న ఒక్క లైటు నేల మీద ఇంకో లైటై పడుతుంది, పైసా ఖర్చు లేకుండా. రెండో టేకుకు ముందు మళ్ళీ చల్లండి. ఎండాకాలం రాత్రి బండ వేడికి రెండు నిమిషాల్లో ఆరిపోతుంది.

పాత మట్టిమిద్దె దొరికితే వదలొద్దు. పైన గవాచి, అంటే కప్పులో వెలుతురు కంత, ఉంటుంది కదా, అందులోంచి టార్చి తిన్నగా కిందికి కొట్టించండి. కింద రోంత సాంబ్రాణి పొగ వెయ్యండి. మిద్దె కప్పు నుంచి నేల దాకా వెలుతురు స్తంభంలా నిలబడుతుంది. అందులోకి ఒక చెయ్యి మాత్రం వచ్చి వెనక్కి పోవాలి. మా సినిమాలో జనం అరిచిన షాటు అదే, ఖర్చు ఇరవై రూపాయల సాంబ్రాణి. పొగ పడనివాళ్ళు సెట్లో ఉన్నారేమో ముందే కనుక్కోండి, మా హీరోయిన్‌కు దగ్గు ఆగక ఆ పూట అక్కడితోనే కట్టేశాం.

నా సొంత ఇష్టం ఒకటుంది. బయట తీసే రాత్రి సీన్లన్నీ నేను మునిమాపునే తీస్తాను. పొద్దు గుంకినాక ఓ ఇరవై నిమిషాలు ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు మీద మా సినిమా ఆఖరి సీను అట్లాంటి నాలుగు సాయంత్రాల్లో, రోజుకు రెండే షాట్లుగా తీశాం. తెర మీద అది అర్ధరాత్రే. పట్టపగలు తీసి ఎడిటింగులో నీలం పూస్తామని ఇద్దరు అడిగారు. మన ఎండకు నేల మీద పడే నీడలు చూశారా? ఏ రంగు పూసినా అవి ఎండ నీడలే.

ఇప్పుడు ఆ నల్ల చారలు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ తప్పు చూస్తే నాకు కడుపు మండుతుంది. మూడు క్లిప్పుల్లోనూ నటన బాగుంది, ఫ్రేము బాగుంది, ఆదోని తమ్ముడి దాంట్లో ముసలమ్మ తిరిగి చూసే చూపు నన్నే ఉలిక్కిపడేట్టు చేసింది. కానీ ట్యూబ్‌లైటు కింద తీశారు, చారలు పడ్డాయి, మొత్తం పనికిరాకుండా పోయింది.

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక్కో ఊపులో రెండుసార్లు లైటు పెరిగి తగ్గుతుంది కాబట్టి, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మన కంటికి తెలీదు, కెమెరాకు తెలుస్తుంది.

ఎండిపోతున్న బోరును చూసే ఉంటారు. నీళ్ళు ధారగా రావు, గుక్కగుక్కగా కక్కుతుంది. దాని కింద చెంబులు వరసగా పెట్టి తీస్తున్నారనుకోండి. ప్రతి చెంబునూ సరిగ్గా రెండు గుక్కల సేపు పెడితే అన్నింట్లో నీళ్ళు సమానం. ఒకటిన్నర గుక్క సేపు పెడితే? ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. చెంబు పెట్టే సేపే షటర్, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా వెలుతురు పట్టే సేపు. 1/50 అంటే సెకనులో యాభయ్యో వంతు. 1/50 పెడితే సరిగ్గా రెండు మినుకులు. 1/100 పెడితే సరిగ్గా ఒకటి. 1/60 పెడితే ఒకటీ ముప్పాతిక కంటే రోంత తక్కువ. ఫోను కెమెరా బొమ్మను పై వరస నుంచి కింది వరసకు చదువుకుంటూ వస్తుంది. ఒక వరసకు ఎక్కువ వెలుతురు, ఇంకో వరసకు తక్కువ. అదే చార.

మరి మీరు పెట్టిన ఈ 1/60 ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికావాళ్ళ వీడియో పాఠాల నుంచి. వాళ్ళ కరెంటు 60 హెర్ట్జ్, వాళ్ళ లైటు సెకనుకు 120 సార్లు మినుకుతుంది, వాళ్ళకు 1/60 సరిగ్గా సరిపోతుంది. వాళ్ళు చెప్పింది వాళ్ళ ఊళ్ళో నిజమే. కర్నూలులో కాదు, అనంతపురంలో కాదు, కడపలో కాదు. మన ఫోన్లు కూడా చాలావరకు సెకనుకు 30 ఫ్రేములకే పెట్టి వస్తాయి, 30 అనగానే, దానికి రెట్టింపు లెక్కన, చెయ్యి 1/60 మీదికి పోతుంది.

కాబట్టి: 25 ఫ్రేములు, షటర్ 1/50. ఎడిటింగు ప్రాజెక్టు కూడా 25కే. ఐఫోన్‌లో 25 కనబడకపోతే సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు అనే మీట ఉంటుంది, దాన్ని వెయ్యండి. ఫోను 24 మాత్రమే ఇస్తే 24 పెట్టుకోండి, షటర్ మాత్రం 1/50 దగ్గర కదలకూడదు.

ఇంత చేసినా గుంతకల్లు జట్టుకు చారలు పోలేదు. కారణం జాతర దగ్గరి జనరేటరు. దాని మీద బరువు పెరిగి తగ్గినప్పుడల్లా దాని 50 కూడా అటూఇటూ జారుతుంది. ఇంకొకరు ఎల్ఈడీ బల్బుకు వెలుతురు తగ్గించే డిమ్మరు పెట్టారు. డిమ్మరు పెట్టిన ఎల్ఈడీ మినుకుకు లెక్క వేరే, దాన్ని మీ షటర్‌తో పట్టుకోలేరు. నా అడ్డదారి చెబుతా: ఆ లైట్లన్నీ ఆపేసి ఇంకో ఫోను టార్చి వెయ్యండి. బ్యాటరీ లైటుకు ఈ బాధ చాలావరకు ఉండదు. పాత పంచె ఒక మడత అడ్డం పెడితే వెలుతురు మెత్తబడుతుంది. ఇంట్లో పాతకాలం ఫిలమెంటు బల్బు ఉంటే అది బంగారం. తీగ వేడి తగ్గేలోపే మళ్ళీ కరెంటు అందుకుంటుంది కాబట్టి మినుకు దాదాపు తెలీదు.

ఎప్పుడూ ఒక ఐదు సెకన్లు తీసి, ఫోను పక్కన పెట్టి, నింపాదిగా చూడండి. గోడ మీద చూడండి, ముఖం మీద కాదు. చార ముందు గోడ మీదే దొరుకుతుంది.

రక్తం గురించి ఒక్క మాట. ఒకరు రక్తం రంగుకే ఎనిమిది వందలు పెట్టారట. వెనక లైటుతో తీసిన రాత్రి సీనులో ఎరుపు కనబడదు, నల్లటి తడిగా మెరుస్తుందంతే. అమెరికాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల కుర్రాళ్ళు చందాలేసుకుని తీసి, 1968లో విడుదల చేసిన నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్‌లో రక్తమంటే చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి సరిపోయింది. మీ చీకటి కూడా సగం నలుపు తెలుపే. పాకం పట్టిన బెల్లం చాలు, చీమలొచ్చేలోపు తీసేయండి.

గండికోటలో రాత్రి తీద్దామనుకుంటున్న జమ్మలమడుగు జట్టుకు: అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట, అనుమతి లేకుండా కెమెరా దించొద్దు. నాపరాయి గనుల జోలికి అసలే పోవద్దు. చీకట్లో గుంత లోతు తెలీదు. మీ తాత పాత ఇంటి పెరడు చాలు.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఇస్తున్నా. ఒక గది, ఒక కుర్చీ, ఒక టార్చి. మనుషులు వద్దు, సంగీతం వద్దు. మూడు రాత్రులు, రాత్రికి ఏడు షాట్లు, ఒక్కో షాటు ఇరవై సెకన్లు. మొదటి రాత్రి కుర్చీ ఉత్త కుర్చీలా ఉండాలి. రెండో రాత్రి ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టుండాలి. మూడో రాత్రి దాంట్లో ఎవరో కూర్చున్నట్టుండాలి. కుర్చీని కదపకూడదు, లైటునే కదపాలి. ఇంట్లోవాళ్ళకు చూపించి ఏ రాత్రిది ఏదో అడగండి. చెప్పలేకపోతే మళ్ళీ మొదటి రాత్రి నుంచి. గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం శబ్దం కూడా రికార్డు చేసి పెట్టుకోండి, ఎందుకో వచ్చే పాఠంలో.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే అది నలుపును గళ్ళుగళ్ళుగా నలిపేస్తుంది. నంద్యాల అమ్మాయి క్లిప్పు చూసి ఐఎస్ఓ పెంచావని కేకలేశాను. అసలు ఫైలు తెప్పించుకుని చూస్తే శుభ్రంగా ఉంది. పైన చెప్పిన పద్నాలుగులో దాన్ని నేను బొగ్గులో లెక్కేశాను, కాబట్టి బొగ్గు ఐదే.