లేయర్ కోళ్లకు దాణా తగ్గించాలనుకుంటే గుడ్లు పడిపోకుండా ఎలా చేయాలి?

గుడ్ల దశలో ఉన్న లేయర్ కోడి రోజుకు దాదాపు 100–120 గ్రాముల దాణా తింటుంది. అందులో ముందు ఒంటికి కావాల్సింది పోగా మిగిలిందే గుడ్డుకు వెళ్తుంది కాబట్టి, కోత కాస్త ఎక్కువైనా కోడి బాగానే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, ట్రేలు మాత్రం నిండవు.

1. ముందు వృథా ఆపండి. తొట్టిని మూడో వంతుకు మించి నింపకండి, అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. నన్నడిగితే చాలామందికి అసలు కోత పెట్టే అవసరమే ఉండదు, కింద పోయేది ఆగితే చాలు.

2. వయసు చూడండి. గుడ్ల పీక్ సుమారు 25–30 వారాల మధ్య వస్తుంది, 40 వారాలు దాటేదాకా దాణా జోలికి పోకండి.

3. తూకం వేయండి. వారానికోసారి, అదే రోజు, మేత వేయకముందు కొన్ని కోళ్లను తూచి రాసుకోండి. తేలిక జాతులు మామూలుగా అవసరమైనంతే తింటాయి, వాటికి తగ్గిస్తే ఒరిగేది తక్కువ. బరువు జాతులు అలా కాదు, వదిలేస్తే తింటూనే ఉంటాయి, కొవ్వు పొట్టలో, కాలేయంలో చేరి చివరికి కాలేయం చిట్లి ఉన్నట్టుండి చచ్చిపోయేవీ ఉంటాయి. కొవ్వు పట్టిన బ్యాచ్‌కే కోత.

4. కొద్దికొద్దిగా తగ్గించండి. ఒక్కో కోడికి 2–3 గ్రాములు తగ్గించి పది రోజులు ఆగండి, ఎందుకంటే ఒక పచ్చసొన పెరగడానికే ఇంచుమించు అన్ని రోజులు పడుతుంది, రెండో రోజు గుడ్లు లెక్కపెట్టి ఏం కాలేదని ఇంకా తగ్గించేస్తే ఆ తర్వాత టెన్షన్ పడాల్సిందే. మొత్తం మీద నేనైతే 5 శాతం దాటను.

5. కాల్షియం లెక్క సరిచేయండి. అందరూ మర్చిపోయేది ఇదే. 3.8 శాతం కాల్షియం ఉన్న దాణా 110 గ్రాములు తింటే 4.18 గ్రాములు అందుతుంది, అదే దాణా 105 గ్రాములకు దిగితే 3.99 గ్రాములే. దాణా తగ్గినా పెంకుకు కావాల్సిన సున్నం తగ్గదుగా! పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది కాబట్టి సాయంత్రం షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన ఆల్చిప్పల ముక్కలు) విడిగా పెట్టండి. ప్రొటీన్, విటమిన్లు కూడా రోజుకు అందే మొత్తం తగ్గకుండా ఫార్ములా కాస్త చిక్కగా చేయించుకోవాలి.

6. అన్ని కోళ్లూ ఒకేసారి తినగలిగేంత తొట్టి చోటు ఉండాలి. లేదంటే బలమైనవి కడుపునిండా తింటాయి, బక్కవి పస్తులుంటాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలవుతుంది.

నీళ్లకు మాత్రం ఎప్పుడూ కోత పెట్టొద్దు. ఎండలు ముదిరినప్పుడు కోళ్లు వాటంతటవే తక్కువ తింటాయి, అప్పుడు కోత ఆపేయండి.

గుడ్డు బరువు తగ్గుతున్నా, తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) కనిపిస్తున్నా, గుడ్ల సంఖ్య వరుసగా దిగుతున్నా ఇంకో వారం చూద్దామనుకోకుండా పాత మోతాదుకు వెళ్లిపోండి. అలా పెంచాక కూడా పది రోజుల్లో కోలుకోకపోతే కారణం దాణా కాకపోవచ్చు, పశువైద్యుడికి చూపించండి.