ట్యాబ్లెట్ తెర వెనుక యాంటెనాకు చోటు చేయడం ఎలా

ట్యాబ్లెట్ వీపునంతా అల్యూమినియంతో మలిచినప్పుడు రేడియో తరంగాలు రావడానికీ పోవడానికీ మిగిలే వాకిలి ముందువైపు అద్దం ఒక్కటే. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌లో 3జీ రకానికి పైఅంచున నల్లని ప్లాస్టిక్ పట్టీ కనిపించేది. లోహపు వీపులో యాంటెనా కోసం విడిచిన కిటికీ అది. అలాంటి కిటికీ కంటికి ఇంపుగా లేదని, వీపు ఏకఖండంగానే ఉండాలని రూపకర్తలు పట్టుబట్టిన చోట యాంటెనా తెరవైపుకు జరగక తప్పదు. పది అంగుళాల తెర, లోహపు ఒళ్లు ఉన్న ట్యాబ్లెట్‌ను ఉదాహరణగా తీసుకుని, 1575.42 మెగాహెర్ట్జ్ జీపీఎస్‌కు ఒక యాంటెనా, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, బ్లూటూత్‌లకు కలిపి మరొకటి ఎలా అమర్చాలో ఇక్కడ వివరిస్తాను. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులనూ, చిన్న సంస్థల్లో తొలి నమూనాలు తయారు చేసేవారినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

తెర వెనుక అంటే ఎక్కడ

ముందుగా ఒక అపోహ తొలగాలి. తెర అంటే గాజు పలక మాత్రమే కాదు. పైన అద్దం, దాని కింద పారదర్శక జిగురు, స్పర్శను గుర్తించే పొర, బొమ్మను చూపే ప్యానెల్, ఎల్‌సీడీ అయితే దాని వెనుక బ్యాక్‌లైటూ లోహపు చట్రమూ, ఓఎల్ఈడీ అయితే వేడిని పంచే రాగి లేదా గ్రాఫైట్ పొర వరుసగా ఉంటాయి. స్పర్శ పొరలోని ఇండియం టిన్ ఆక్సైడ్ కంటికి పారదర్శకమే గానీ రేడియోకు కాదు. అది తరంగాన్ని పూర్తిగా తిప్పికొట్టదు, పూర్తిగా పోనివ్వదు, మధ్యలో కొంత శక్తిని వేడిగా తినేస్తుంది. అందుచేత వెలిగే భాగానికి సరిగ్గా వెనుక యాంటెనా పెడితే గోడ వెనుక దీపం పెట్టినట్టే అవుతుంది. మనకు పనికొచ్చేవి రెండే చోట్లు: అద్దం అంచున నల్లగా కనిపించే సిరా పట్టీ కింది భాగం, తెర లోహానికీ ఒంటి లోహానికీ మధ్య ఉండే సన్నని సందు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. నలుచదరపు స్టీలు టిఫిన్ డబ్బాలో బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ మాడ్యూలును పెట్టి, పాడైన ట్యాబ్లెట్ నుంచి తీసిన తెరను, దాని లోహపు వీపు డబ్బా అంచులకు నలువైపులా ఆనేటట్టు, మూతలా బోర్లించండి. ఫోన్‌లోని ఏదైనా బ్లూటూత్ స్కానర్ యాప్‌లో సంకేత బలం పడిపోవడం కనిపిస్తుంది. ఇప్పుడు ఒక పక్క రెండు చివర్లలోనూ మడిచిన కాగితం ముక్కలు దూర్చి, ఆ పక్క పొడవునా ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఏర్పరచండి. సంకేతం మళ్లీ లేస్తుంది. అంత సన్నని సందులోంచి పన్నెండు సెంటీమీటర్ల తరంగం ఎలా వచ్చిందని విద్యార్థులు ప్రతిసారీ అడుగుతారు. సందుకు వెడల్పు కన్నా పొడవు ముఖ్యం. పొడవు తరంగదైర్ఘ్యంలో సగానికి దగ్గరైతే ఆ సందే యాంటెనాగా మారుతుంది. ఈ పని మొత్తానికి కీలకం ఇదే.

అంచును కొలిచి, ముందే అడగడం

కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. జీపీఎస్‌కు అది సుమారు 190 మిల్లీమీటర్లు, 2.45 గిగాహెర్ట్జ్‌కు 122 మిల్లీమీటర్లు. పావు తరంగంతో పనిచేసే యాంటెనాకు గాలిలో 48, 31 మిల్లీమీటర్ల చొప్పున పొడవు కావాలి. చుట్టూ గాజు, ప్లాస్టిక్ ఉంటాయి కాబట్టి వాస్తవంలో ఇంకొంత తక్కువ సరిపోతుంది.

ఈ పొడవులను తెర నక్షా మీద గీసి చూడండి. స్పర్శ పొర నుంచి వచ్చే సన్నని లోహపు తీగలు సాధారణంగా సిరా పట్టీ కిందుగానే పరుగెడతాయి. తెర సంకేతాలను మోసే పలుచని, వంగే ఫ్లెక్స్ కేబుల్ ఒక అంచు నుంచి బయటకు మడత పడుతుంది. పైఅంచున కెమెరా, వెలుతురు సెన్సర్ కూర్చుంటాయి. ఇవి లేని పట్టీ ఏ అంచున ఎంత పొడవున దొరుకుతుందో కొలిచి, ఒంటి రూపం ఖరారు కాకముందే మెకానికల్ బృందాన్ని అడిగి రాయించుకోవాలి. యాంటెనాను చివర్లో ఎక్కడో ఒకచోట సర్దుకుందామనుకున్న పనుల్లో నేను పాల్గొన్నవేవీ సుఖంగా ముగియలేదు. ఒకసారి అచ్చు తయారయ్యాక మా చేతికి మిగిలింది 2 మిల్లీమీటర్ల పట్టీ, దాని మధ్యలో ఒక స్క్రూ. ఆ స్క్రూను పక్కకు జరపడానికి రెండు నెలలు పట్టింది.

ఏ రకం యాంటెనా

సిరా పట్టీ కింద తీగలు లేని చోటు 6 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా దొరికితే, పలుచని ఫ్లెక్స్ మీద ముద్రించిన ఇన్వర్టెడ్-ఎఫ్ యాంటెనాను ఎంచుకోమంటాను. దాని ఒక కాలు గ్రౌండుకు, అంటే సర్క్యూట్ సున్నా వోల్టేజీగా తీసుకునే లోహానికి, తగులుతుంది, ఇంకో కాలు ఫీడ్, అంటే రేడియో సంకేతం యాంటెనాకు చేరే చోటు, పొడవాటి చేయి అంచు వెంట సాగుతుంది. ఆ ఫ్లెక్స్‌ను ప్లాస్టిక్ ఆధారం మీద అంటించి అద్దం లోపలి ముఖానికి వీలైనంత దగ్గరగా తేవాలి. లోహానికి దగ్గరయ్యే కొద్దీ ఆ లోహంలో ఎదురు దిశలో పుట్టే ప్రవాహం యాంటెనా ప్రసారాన్ని రద్దు చేస్తుంది, అది పనిచేసే పౌనఃపున్యాల పరిధి కుంచించుకుపోతుంది. అక్కడ ఒక్క మిల్లీమీటరు దూరం పెరిగినా ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది.

అంచు అంతకన్నా సన్నగా ఉంటే ఇన్వర్టెడ్-ఎఫ్ మీద కుస్తీ మానేసి సందునే యాంటెనాగా వాడుకోవడం మేలు. తెర వెనుక లోహాన్ని ఒక గట్టుగా, ఒంటి గోడను రెండో గట్టుగా భావించండి. రెండు గట్లనూ రెండు చోట్ల లోహపు స్ప్రింగులతో కలిపితే ఆ రెండు చోట్ల మధ్య భాగం మూసిన సందు అవుతుంది. జీపీఎస్‌కు గాలిలో 95 మిల్లీమీటర్లు కావలసిన ఆ సందు, గాజూ ప్లాస్టిక్కూ కొంతమేర నింపడం వల్ల 65, 70 మిల్లీమీటర్లకే కుదురుతుంది. ఫీడ్‌ను సందు నడుమ కాకుండా ఒక చివరకు దగ్గరగా ఇవ్వాలి. నడుమ ఇంపీడెన్సు, అంటే ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, చాలా ఎక్కువగా ఉంటుంది, చివరికి జరిగే కొద్దీ తగ్గుతూ తీగకు సరిపోయే 50 ఓమ్‌లకు దగ్గరవుతుంది. మొదటి నమూనాలో ఫీడ్‌ను రాగి టేపుతోనూ సన్నని కోయాక్సియల్ తీగతోనూ చేసి, మిల్లీమీటరు చొప్పున జరిపి చూసుకోవచ్చు.

తెర లోహాన్ని గ్రౌండుకు కట్టడం

తొలిసారి చేసేవారు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. తెర చట్రం జిగురు మీద తేలుతూ, ఒంటి లోహానికి ఫ్లెక్స్ కేబుల్ ద్వారా మాత్రమే గ్రౌండై ఉంటే, అంత పెద్ద లోహపు పలక తనంతట తాను ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర అనునాదం చెందుతుంది. అది మీ యాంటెనా పనిచేసే పౌనఃపున్యాల్లో పడితే యాంటెనా శక్తినంతా లాగేసుకుంటుంది. అందువల్ల చట్రం చుట్టూ వాహక ఫోమ్ లేదా స్ప్రింగులు పెట్టి ఒంటికి కలపాలి. యాంటెనా ఉన్న అంచున మాత్రం వాటి చోటు మీ ఇష్టానిది కాదు: సందు పొడవును నిర్ణయించేవి అవే కాబట్టి నక్షాలో కొలతతో సహా గుర్తించి ఉంచాలి. ఫోమ్ కాలక్రమంలో నలిగి పట్టు వదులుతుంది, కాబట్టి సందు చివర్లలో బంగారు పూత స్ప్రింగులనే వాడతాను. అల్యూమినియం ఒంటికి అనోడైజ్ పూత ఉంటుంది. అది విద్యుత్తును పోనివ్వదు. స్ప్రింగు ఆనే చోట ఆ పూతను లేజరుతోనో మిల్లింగుతోనో తొలగించాలని నక్షాలో రాయకపోతే, కంటికి అన్నీ తగులుతున్నట్టే ఉండి ఏదీ తగలని ట్యాబ్లెట్ చేతికొస్తుంది. మల్టీమీటరుతో ఒక్క నిమిషంలో తేలే విషయమిది.

అద్దం, సిరా, జిగురు

ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ వాడే అల్యూమినోసిలికేట్ గాజు పర్మిటివిటీ, అంటే అది తరంగాన్ని ఎంతగా నెమ్మదింపజేసి కుదిస్తుందో తెలిపే అంకె, సుమారు 7. అంటే అద్దం మూసిన మరుక్షణం యాంటెనా పౌనఃపున్యం కిందికి దిగుతుంది. అద్దం లేకుండా 2.45 గిగాహెర్ట్జ్‌కు ముచ్చటగా కుదిర్చిన యాంటెనా, అద్దం పెట్టగానే 2.2కు జారిపోవడం చూసి నేను మొదట తీగ తెగిందేమో అనుకున్నాను. ట్యూనింగ్ ఎప్పుడూ అద్దం, జిగురు, తెర, వీపు, బ్యాటరీ అన్నీ అమర్చిన తర్వాతే చేయాలి.

సిరా సంగతి ఇంకా మోసకారిది. నలుపు రంగు కోసం కార్బన్ ఎక్కువ కలిపిన సిరా కొంతమేర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, యాంటెనా మీదుగా పరిచినప్పుడు శక్తిని తింటుంది. యాంటెనా ఉన్న చోట వాహకత లేని సిరాయే వాడాలని కొనుగోలు పత్రంలో స్పష్టంగా రాయండి. మెరిసే అలంకార పూతలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

కొలత

యాంటెనాకు పంపిన శక్తిలో ఎంత తిరిగొస్తుందో కొలిచే, 3 గిగాహెర్ట్జ్ వరకు చూడగల నానోవీఎన్ఏ రకం చిన్న పరికరం ఈ పనికి సరిపోతుంది. కొలిచే తీగ చివర, అంటే యాంటెనా దగ్గరే, క్యాలిబ్రేషన్ చేయండి. తీగ పైతొడుగు మీద కూడా ప్రవాహం పారి, తీగే యాంటెనాలో భాగమైపోతుంది. దాన్ని చేత్తో తాకినప్పుడు పరికరం చూపే గీత కదిలితే ఆ కొలతను నమ్మకండి. తీగకు ఫెరైట్ పూసలు తొడిగి, ఒంటి నడుమ నుంచి బయటకు తీస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కావలసిన పౌనఃపున్యాల పరిధి అంతటా తిరిగొచ్చే శక్తి −10 డెసిబెల్స్ కింద ఉంటే పదోవంతే వెనక్కి వస్తోందన్నమాట. ఇరుకైన అంచుల్లో −6, అంటే నాలుగోవంతు, వచ్చినా సర్దుకుంటారు. అయితే వెనక్కి రానిదంతా గాలిలోకి వెళ్లిందని కాదు. సిరాలోనో స్పర్శ పొరలోనో వేడిగా మారినా గీత అందంగానే కనిపిస్తుంది. కాబట్టి చివరి తీర్పు గోడలు రేడియో తరంగాలను తిప్పికొట్టని, ప్రతిధ్వని లేని గదిలో కొలిచే ప్రసార సామర్థ్యానిదే. ఆ సదుపాయం లేకపోతే, తెలిసిన యాంటెనాతో అదే దూరంలో పోల్చి చూడటం తర్వాతి మార్గం.

తెర చేసే రొద

తెర పక్కనే కాపురం పెట్టాక దాని గోల కూడా భరించాలి. జీపీఎస్ సంకేతం నేలకు చేరేసరికి −130 డీబీఎం దగ్గర, అంటే మిల్లీవాట్‌లో పది లక్షల కోట్లవ వంతు, ఉంటుంది, తెరకు డేటా పంపే వేగాన్ని నడిపే గడియారపు సంకేతం హార్మోనిక్స్, అంటే దాని పౌనఃపున్యానికి గుణిజాల దగ్గర పుట్టే తరంగాలు, దానికన్నా ఎన్నో రెట్లు బలమైనవి. ఒక నమూనాలో మా తెర గడియారం 225 మెగాహెర్ట్జ్‌గా ఉండేది. ఏడుతో గుణిస్తే 1575. జీపీఎస్‌కు అర మెగాహెర్ట్జ్ దూరం కూడా లేదు. తెర ఆర్పితే ఆకాశం నిండా ఉపగ్రహాలు, వెలిగిస్తే ఒక్కటీ లేదు. గడియారాన్ని 222కు తగ్గించగానే జీపీఎస్ బాగుపడింది గానీ, పదకొండో హార్మోనిక్ 2442 మెగాహెర్ట్జ్‌కు వచ్చి వైఫై ఏడో ఛానెల్ నడినెత్తిన కూర్చుంది. చివరికి 230కి పెంచి, బొమ్మకూ బొమ్మకూ మధ్య తెరకు డేటా పోని ఖాళీ సమయాలను సర్ది, రిఫ్రెష్ రేటు 60 దగ్గరే నిలిపాం. భారతదేశంలో 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు 4జీ బ్యాండ్ 40 నడుస్తుంది కాబట్టి, సిమ్ ఉన్న ట్యాబ్లెట్‌లో పదో హార్మోనిక్‌నూ చూసుకోవాలి. ఈ గుణకారాల పట్టిక కాగితం మీద వేయడానికి పావుగంట పడుతుంది. తెర ప్యానెల్ ఎంచుకునే రోజే వేయండి. తర్వాత జీపీఎస్ యాప్‌లో ప్రతి ఉపగ్రహం సంకేత-రొద నిష్పత్తిని తెర ఆర్పి, పూర్తి వెలుగులో, సగం వెలుగులో విడివిడిగా నమోదు చేయండి. సగం వెలుగును వదిలేయకండి. బ్యాక్‌లైట్‌ను వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి వల్ల రొద అక్కడే ఎక్కువగా బయటపడవచ్చు.

ఎన్ఎఫ్‌సీ వేరే దారి

కార్డును తెరకే తాకించే చెల్లింపు యంత్రాల్లో ఎన్ఎఫ్‌సీ, అంటే అతి దగ్గరలోనే పనిచేసే వైర్‌లెస్ సంబంధం, కోసం 13.56 మెగాహెర్ట్జ్ తీగచుట్ట ఉంటుంది. అది తరంగాన్ని ప్రసరించదు, దగ్గరలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చుట్టకూ కార్డుకూ మధ్య లోహపు పలక వస్తే దానిలో సుడి ప్రవాహాలు పుట్టి క్షేత్రాన్ని చంపేస్తాయి. ఫెరైట్ షీటు చుట్ట వెనుక ఉన్న లోహం నుంచి కాపాడుతుందే గానీ ముందున్న లోహాన్ని దాటించలేదు. కాబట్టి చుట్టను తెర చుట్టూ అంచు వెంట తిప్పడమో, లోహపు వీపు లేని తెరను ఎంచుకోవడమో చేయాలి.

చేతులు, అనుమతులు

ట్యాబ్లెట్‌ను అడ్డంగా పట్టుకుంటే అరచేతులు పొట్టి అంచుల మీద, నిలువుగా పట్టుకుంటే పొడవు అంచు మీద పడతాయి. రెండు భంగిమల్లోనూ బొటనవేలు పడని మూలను జీపీఎస్‌కు ఇచ్చి, వైఫైకి చోటు దొరికితే వేర్వేరు అంచుల్లో రెండు యాంటెనాలు పెట్టి, బాగా వినిపించేదానికి మారేలా చేయండి. తరంగాలు ముందుముఖం నుంచే వెలువడతాయి కాబట్టి శరీరం గ్రహించే శక్తి కొలతను తెరవైపునా, అంచులవైపునా చేయించాలి. భారతదేశంలో మొబైల్ హ్యాండ్‌సెట్లకు 2012 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న పరిమితి ఒక గ్రాము కణజాలం సగటున కిలోకు 1.6 వాట్లు. వైర్‌లెస్ పరికరాన్ని అమ్మడానికి టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే పరికర రకపు ఆమోదం కూడా కావాలి. ఈ పరీక్షలకు ఇచ్చే నమూనాలో సిరా, జిగురు, స్ప్రింగులు అమ్మకానికి వెళ్లే వాటితో సమానంగా ఉండాలి. వీటిలో ఏది తర్వాత మారినా, సరఫరాదారు మాత్రమే మారినా, నానోవీఎన్ఏను మళ్లీ ఆ అంచు దగ్గరకే తీసుకెళ్లి కొలవండి.