అద్దె గదికి ఒక్క గోడ రంగు చాలు

అద్దె గదికి కొత్త కళ రావాలంటే నాలుగు గోడలకూ రంగు వేయనక్కర్లేదు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే ఒక్క గోడను ఎంచుకోండి. ముందుగా యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పుడున్న రంగు పేరు, షేడ్ నంబరు కూడా అడిగి రాసుకోండి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అదే వేయాల్సి రావచ్చు. అందుకే ముదురు ఎరుపు, ముదురు నీలం జోలికి వెళ్లవద్దంటాను. వాటిని కప్పాలంటే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), దానిపైన రెండు మూడు పూతలు కావాలి.

లీటరు ఎమల్షన్ (గోడలకు వేసే, నీళ్లతో కలిపే రంగు) ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లకు వస్తుంది. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న గోడకు రెండు పూతలకు 2 లీటర్లు చాలు. షేడ్ నచ్చక ఎవరైనా వెనక్కి ఇచ్చిన డబ్బాలు దుకాణంలో ఉన్నాయేమో అడగండి, తక్కువకు దొరకవచ్చు.

అసలు పనంతా గోడ తయారీలోనే ఉంది. అరచేత్తో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటితే తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి ప్రైమర్ వేయండి. లేకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. అంచులకు మాస్కింగ్ టేపు అతికించి గోరుతో గట్టిగా అదమండి. రెండో పూత కాస్త తడిగా ఉండగానే టేపును ఏటవాలుగా, నెమ్మదిగా లాగితే గీత కత్తితో కోసినట్టు వస్తుంది.