సొంతంగా సంభావ్యత, ఏడో పాఠం: ‘అవకాశం ఉంది’ అంటే ఎంత ఉంది?

ఈ వారం ద్విపద విభాజనం (ఇన్ని ఎగరవేతల్లో ఇన్ని బొమ్మలు పడే సంభావ్యతల లెక్క) మొదలుపెడతానని మాట ఇచ్చాను కానీ, ఆరో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆ మాట తప్పక తప్పడం లేదు. రెండు నాణేలు ఎగరవేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత అని అడిగితే, ఎక్కువమంది మూడింట రెండు వంతులని రాశారు. కారణం కూడా అందరిదీ ఒకటే: రెండూ బొమ్మలు కావచ్చు, రెండూ బొరుసులు కావచ్చు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు కావచ్చు, ఈ మూడింటిలో రెండింట బొమ్మ ఉంది. సరైన జవాబు నాలుగింట మూడు వంతులు.

తప్పు చేసినవారు నొచ్చుకోనక్కరలేదు. ఫ్రెంచి గణితవేత్త డి అలెంబర్ట్ 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వం నాలుగో సంపుటంలో ఇదే జవాబు అచ్చు వేయించాడు. మొదటి ఎగరవేతలోనే బొమ్మ పడితే రెండోసారి ఎగరవేయనక్కరలేదు కనుక బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, బొరుసు తర్వాత బొరుసు అని మూడే విధాలున్నాయని ఆయన వాదన. విధాలు మూడే, నిజమే. కానీ మొదటిదాని బరువు సగం, మిగిలిన రెండింటి బరువు చెరో పావు. జరగగల విధాలకు పట్టీ రాయడంతో సాధ్యాసాధ్యాల పని ముగుస్తుంది. సంభావ్యత పని ఆ పట్టీలోని ఒక్కొక్క విధాన్ని తూకం వేయడంతో మొదలవుతుంది.

మీ చేతిలో ఒక రూపాయి బిళ్ళ, ఒక ఐదు రూపాయల బిళ్ళ ఉన్నాయనుకోండి. రూపాయి బొమ్మగా, ఐదు బొరుసుగా పడడం ఒకటి. రూపాయి బొరుసుగా, ఐదు బొమ్మగా పడడం వేరొకటి. మీరు ఈ రెండింటినీ కలిపి ‘ఒకటీ ఒకటీ’ అని ఒకే పేరు పెట్టినంత మాత్రాన నాణేలకు ఆ సంగతి తెలియదు. నా మటుకు నేను ‘కనీసం’ అన్న మాట కనబడగానే తిరగేసి లెక్కిస్తాను: ఒక్క బొమ్మా పడకపోవడం నాలుగింట ఒకటి, దాన్ని ఒకటిలోంచి తీసేస్తే అయిపోయింది. భిన్నాలకు బదులు శాతాలు రాసేవారు ఎక్కడ ఏం తీసేశారో వెనక్కి వెళ్ళి చూసుకోలేరు కనుక, ఈ పాఠాలు ముగిసేవరకు శాతం గుర్తు వాడవద్దని మరోసారి మనవి.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా విసిగిస్తున్న చిక్కు దగ్గరికి వస్తాను. అది మన వాడుకలోనే ఉంది. ‘వాన పడవచ్చు’, ‘వాన పడేలా ఉంది’, ‘వాన పడక మానదు’ అన్న మూడు వాక్యాలకూ మన అమ్మమ్మలు మూడు వేరువేరు పనులు చేసేవారు: మొదటిదానికి ఆకాశం వంక చూసి ఊరుకునేవారు, రెండోదానికి ఆరేసిన వడియాలు లోపల పెట్టేవారు, మూడోదానికి కట్టెలు కూడా లోపలికి చేర్పించేవారు. ఈ మూడింటినీ చదును చేసి మనం ఇప్పుడు ‘వర్షం పడే అవకాశం ఉంది’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటున్నాం. అవకాశం ఉంది అన్నప్పుడు నూటికి ఒకటి ఉందా, నూటికి తొంభై ఉందా? ‘ఉంది’ అనే క్రియ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. అది చెప్పేదల్లా సున్నా కాదని మాత్రమే. ఇక మన ‘వచ్చు’ సంగతి సరేసరి: ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి, ‘ఆయన రేపు రావచ్చు’ అంటే ఊహ. లెక్క చేసేటప్పుడు ‘అవకాశం ఉంది’ అని రాసిన ప్రతిచోటా పక్కన ఒక భిన్నం రాయండి. రాయలేకపోతే ఆ వాక్యం సాధ్యాన్ని మాత్రమే చెబుతోందని గుర్తించి ముందుకు వెళ్ళండి.

ఈ చిక్కుకు తోబుట్టువు ‘అయితే అవుతుంది, లేకపోతే లేదు, ఫిఫ్టీ ఫిఫ్టీ’ అనే మాట. ఒక మబ్బు పట్టిన సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి అతన్ని వాన వస్తుందా అని అడిగితే, ‘‘పడితే పడతాది బాబూ, నేకపోతే నేదు’’ అన్నాడు. కానీ రోజూ గిన్నె నిండా తరిగే ఉల్లిపాయ ఆనాడు గిన్నెలో మూడో వంతే ఉంది, బస్తా మూతికి పాలిథిన్ సంచీ అప్పటికే బిగించి ఉంది. తరిగిన ఉల్లిపాయ మర్నాటికి పనికిరాదు కనుక, ఎంత తరగాలో తేల్చుకోవడానికి అతను వానను తూచక తప్పలేదు. నోటితో చెప్పింది సాధ్యం, కత్తితో చేసింది సంభావ్యత. పది నిమిషాలకు చినుకులు మొదలయ్యాయి కానీ, మొదలు కాకపోయినా అతని లెక్క తప్పయ్యేది కాదు.

తుఫానుల విషయంలో మా వీధి రెండు వైపులా తప్పింది. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుండగా తుఫాను నేరుగా విశాఖను తాకడం సాధ్యమే కాదని పెద్దలు అనేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. అప్పటినుంచి అదే వీధిలో అల్పపీడనం అన్న మాట వినబడితే చాలు, కిరాణా కొట్టులో కొవ్వొత్తులు అయిపోతున్నాయి. ఒక్క సంఘటన చాలు, ఒక విషయం సాధ్యమని రుజువు కావడానికి. సంభావ్యతకు మాత్రం లవంతో పాటు హారం కావాలి: ఎన్ని అల్పపీడనాలు తుఫానులయ్యాయి, వాటిలో ఎన్ని మన తీరానికి వచ్చాయి? 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గరా, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గరా తీరం దాటాయి. ఈ తేదీలు చూసి ఆ రెండు రోజులూ విశాఖకు గండమని తేల్చిన మిత్రుడొకరున్నారు. బంగాళాఖాతానికి అక్టోబరు, నవంబరు నెలలే ముఖ్యమైన తుఫాను కాలం కనుక తేదీలు దగ్గరదగ్గరగా పడడంలో వింత తక్కువని చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

అభ్యాసం కాస్త ఓపిక కోరుతుంది. అష్టాచెమ్మా ఆడే గవ్వలు నాలుగు తీసుకోండి. మా ఇంట్లో నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. వెల్లకిలా పడే గవ్వల సంఖ్య సున్నా నుంచి నాలుగు వరకు, అంటే సాధ్యమైన ఫలితాలు ఐదు. ఒక్కొక్కదాని సంభావ్యత ఐదింట ఒక వంతని రాసేవారు ఈ పాఠాన్ని మొదటినుంచి చదవండి. గవ్వ నాణెంలాంటిదే అయితే 160 సార్లు వేసినప్పుడు ఈ ఐదూ 10, 40, 60, 40, 10కి దగ్గరగా రావాలి. కానీ గవ్వకు ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చదును. పదింట ఆరుసార్లు వెల్లకిలా పడే గవ్వలైతే 160కి చెమ్మాలు సుమారు 21, అష్టాలు నాలుగే వస్తాయి. కనుక ముందు ఒక్క గవ్వను 200 సార్లు వేసి మీ గవ్వ భిన్నాన్ని కనుక్కోండి, దానితో ఐదు ఫలితాలకూ అంచనా రాసుకోండి, ఆ తర్వాతే నాలుగింటినీ 160 సార్లు వేయండి. అంచనా ముందే రాశారని చూపడానికి దాన్ని పెన్నుతో, ఫలితాన్ని పెన్సిలుతో రాయండి. గవ్వలు దొరకనివారు ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు వాడవచ్చు. ఈ ‘వచ్చు’ అనుమతి.