పాత పొలం ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలుసుకోవడం ఎలా?

తాతల నాటి పొలం చరిత్ర వెతికేవారు చాలామంది ఇంట్లో దొరికిన అన్నింటికన్నా పాత కాగితంతో మొదలుపెడతారు. నా అనుభవంలో అది తలకిందుల పద్ధతి. ఇవాళ రికార్డులో ఉన్న పట్టాదారు పేరుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టే వెనక్కి వెళ్లాలి. పేరు మారిన ప్రతిచోటా అది అమ్మకం వల్ల మారిందా, వారసత్వం వల్లనా, భాగపంపకాల వల్లనా, దానం వల్లనా, కోర్టు డిక్రీ వల్లనా, లేక ప్రభుత్వం ఇచ్చిన పట్టా వల్లనా అన్నది రాసుకుని, దానికి ఆధారమైన కాగితాన్ని పక్కన పెట్టుకోవాలి. ఒక్క మార్పుకు కారణం దొరక్కపోయినా అక్కడే ఆగాలి తప్ప, దాన్ని దాటవేసి వెనక్కి వెళ్లకూడదు.

ముందుగా సర్వే నంబరును, విస్తీర్ణాన్ని తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే హక్కుల రికార్డు), అడంగల్ (ఏ సర్వే నంబరును ఎవరు సాగు చేస్తున్నారో చూపే రికార్డు) ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో దొరుకుతాయి. తెలంగాణలో ఇదివరకు ధరణి పోర్టల్‌లో ఉన్న వివరాలు 2025 నుంచి భూభారతిలో ఉంటున్నాయి. రీసర్వే పూర్తయిన ఆంధ్ర గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి కాబట్టి, ఏ పాత నంబరు ఏ కొత్త నంబరయిందో తెలియకుండా వెనకటి రికార్డుల్లోకి వెళ్లలేము. విస్తీర్ణం చదవడంలోనూ జాగ్రత్త కావాలి. తెలంగాణ పహాణీలో (అక్కడ అడంగల్ లాంటి రికార్డు) 3.20 అని ఉంటే మూడు ఎకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు, ఎందుకంటే అక్కడ ఎకరానికి 40 గుంటలు. అదే అంకె ఆంధ్ర అడంగల్‌లో ఉంటే మూడు ఎకరాల ఇరవై సెంట్లు మాత్రమే.

తర్వాతి పని రిజిస్ట్రేషన్ కార్యాలయంలో. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ భూమిపై రిజిస్టరయిన లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత సూచికలను వెతికించుకోవాలి. కార్యాలయాల పరిధులు మారాయి గనుక, ఆ ఊరు అప్పట్లో ఏ కార్యాలయం కింద ఉండేదో ముందే కనుక్కోవడం మంచిది. ఈసీలో కనిపించిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అమ్మినవారికి ఆ భూమి ఎలా వచ్చిందో అందులో రాసిన వాక్యాన్ని చదవాలి. లింకు డాక్యుమెంటు (అంతకు ముందటి దస్తావేజు) నంబరు తరచుగా అక్కడే ఉంటుంది. ఈసీ శుభ్రంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం మాత్రం తప్పు. నోటిమాట పంపకాలు, సాదాబైనామాలు (తెల్లకాగితంపై రాసుకున్న అమ్మకాలు), రిజిస్టరు కాని వీలునామాలు అందులో కనిపించవు. రిజిస్టరయిన వీలునామాను కూడా వేరే పుస్తకంలో నమోదు చేస్తారు.

ఆ ఖాళీలను పూరించేవి రెవెన్యూ రికార్డులే. తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వేనాటి రిజిస్టరు), వసూల్ బాకీ అనే పాత రెవెన్యూ రిజిస్టరు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, దాని తర్వాతి చేసాల పహాణీ, ఆపైన ఏటేటా రాసిన పహాణీలు వరుసగా చూడాలి. పట్టాదారు పేరు ఒక్కటే చూసి పుస్తకం మూసేయకండి. అనుభవదారు కాలమ్‌లో ఏళ్ల తరబడి వేరొకరి పేరు ఉంటే, వారు కౌలుదారా, కొనుగోలుదారా, పాలివారా అన్నది తేలాలి; 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు (చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చిన కౌలుదారు) ఎవరైనా ఉండేవారేమో కూడా విచారించాలి. ధరణిలో ఆ కాలమ్ లేకుండా పోయింది కాబట్టి, పాత పహాణీల విలువ ఇంకా పెరిగింది.

ఆంధ్ర ప్రాంతంలో ఆ స్థానం ఆర్‌ఎస్ఆర్‌ది, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరుది. దాన్ని తెరిచి మన సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు ఉండాల్సిన చోట వేలు పెట్టి చూస్తే, కొన్నిచోట్ల పేరుకు బదులు వరుసగా చుక్కలు కనిపిస్తాయి. వీటినే చుక్కల భూములు అంటారు. ఆ చుక్కల వల్ల తరతరాలుగా దున్నుకుంటున్న రైతులు కూడా అమ్ముకోలేక, అప్పు పుట్టక ఎంతో వేదన పడ్డారు. వారి కోసమే 2017లో ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. ఆ భూమి పూర్వం ఇనాము (సేవకో, గౌరవంగానో పాలకులు ఇచ్చిన భూమి) అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు, జమీందారీ గ్రామమైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. రెండు ప్రాంతాల్లోనూ ఒకప్పుడు ప్రభుత్వ భూమి అని ఉండి, తర్వాత పేరు ఎక్కితే అది అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) కావచ్చు. అలాంటి భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది కనుక, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితానూ సరిచూడాలి.

పాత రికార్డుల్లో సంవత్సరం ఫసలీలో (పాత రెవెన్యూ సంవత్సర లెక్కలో) ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1364 అంటే 1954-55.

ఎక్కడైనా లంకె తెగితే నేను ముందుగా చూసేది ఇరుగుపొరుగు పొలాల దస్తావేజులు. పక్క చేను అమ్మినప్పుడు రాసిన హద్దుల్లో ‘తూర్పు ఫలానావారి భూమి’ అని ఉంటుంది. ఆ ఫలానావారు మన పొలానికి అప్పటి యజమానే అయ్యుండవచ్చు. అది హక్కు పత్రం కాదు గానీ, తర్వాత ఎవరి పేరుతో వెతకాలో చెబుతుంది.

వారసత్వపు మెట్టు దగ్గర వంశవృక్షం గీసి, ప్రతి పేరు పక్కన మరణించిన సంవత్సరం రాయాలి, కూతుళ్ల పేర్లు వదలకూడదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల హక్కును అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో చట్టం గుర్తించింది. వారి సంతకం లేని పంపకాల కాగితాన్ని న్యాయవాదికి చూపించకుండా నమ్మకూడదు.

తహసీల్దారు కార్యాలయంలో పాత పుస్తకం లేదని నోటిమాటగా చెబితే, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇచ్చి అదే మాటను రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబును కూడా మిగతా నకళ్లతోపాటు, ఏ మెట్టుకు సంబంధించిందో రాసి, అదే వరుసలో భద్రపరచండి.