డెరింకుయు భూగర్భ నగరంలోకి దిగేముందు

సెలవుల్లో టర్కీలోని కప్పడోకియా వెళ్తున్నారా? బెలూన్ టికెట్ మీద పెట్టే శ్రద్ధలో కొంత, అక్కడ నేల కింద రాతిలో తొలిచిన డెరింకుయు అనే ఈ పాతకాలపు నగరం మీదా పెట్టండి.

• ఇరుకు చోట్లంటే భయం, ఆస్తమా, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉంటే దిగకపోవడమే మేలు. నగరం లోతు సుమారు 85 మీటర్లు. అంత కిందికి పంపరు గానీ, అంతస్తుల మధ్య కొన్ని చోట్ల ఒక్క మనిషి, అదీ నడుం వంచితేనే పట్టే దారి. వెనక గుంపు వస్తుంటే మధ్యలో వెనక్కి తిరగడం చాలా కష్టం.

• అందుకే టూర్ బస్సులు రాకముందే, తెరవగానే వెళ్లండి.

• వీపు బ్యాగ్ బండిలోనే ఉంచండి, గోడలకు రాసుకుంటుంది.

• పల్చటి స్వెటర్ ఉండాలి. పైన ఎండ మండుతున్నా లోపల 13 డిగ్రీల దగ్గరే.

• బాణం గుర్తులు వదిలి చీకటి సందుల్లోకి దూరొద్దు.

• గైడ్‌ని పెట్టుకోండి. లేకపోతే శత్రువులు రాకుండా లోపలి నుంచి దొర్లించి మూసే గుండ్రటి రాతి తలుపు కూడా ఉత్త బండలా కనిపిస్తుంది.

• పెద్దవాళ్ల కోసమని సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని మరో భూగర్భ నగరం కైమక్లికి మార్చుకుంటారేమో, అక్కడా వంగాల్సిందే.

• దిగేముందే టాయిలెట్‌కి వెళ్లిరండి.